రమ్యశ్రీ అమ్మిన మొదటి కారు

కార్ల షోరూంలో ఉద్యోగానికి వెళ్ళిన మొదటి రోజు రమ్యశ్రీ చేసిన మొదటి పని, గాజు తలుపుని నుదుటితో గుద్దుకోవడం. గాజుని అంత శుభ్రంగా తుడుస్తారని ఆ పిల్ల అంతకుముందు ఎరగదు. లోపల ఉన్నవాళ్ళంతా ఒక్కసారి తలలు తిప్పారు. టేబుల్ దగ్గర టీ తాగుతున్న ఒక పెద్దమనిషి మాత్రం లేవకుండానే, "ఫర్వాలేదమ్మా, తలుపుకి ఏం కాలేదు," అన్నాడు.

ఆయనే శ్యాంబాబు. ఆ షోరూంలో అందరికంటే సీనియర్. మీసానికి రంగు వేస్తాడు, జుట్టుకి వెయ్యడు. అడిగితే, "కస్టమర్ ముందు నా మొహం చూస్తాడు, బండి అమ్ముడయ్యాక కదా నా నెత్తి చూసేది," అంటాడు. రాజమండ్రిలో మోరంపూడి దాటాక హైవే పక్కనున్న ఆ షోరూంలో కొత్తగా ఎవరు చేరినా ఆయన చేతి కిందే పని నేర్చుకోవాలి.

రమ్యశ్రీ కాకినాడ వైపు సముద్రపు రేవు నుంచి వచ్చిన కుటుంబంలో పిల్ల. తండ్రి పోయాక తల్లి లోవమ్మ రాజమండ్రి వచ్చి, అల్యూమినియం బేసిన్లో చేపలు పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మి కూతుర్ని డిగ్రీ చదివించింది. షోరూంలో ఎవరికైనా తన దగ్గర చేపల వాసన వస్తుందేమోనని రమ్యశ్రీకి పెద్ద బెంగ. ఆ బెంగతో మొదటి వారమంతా ఎంత సెంటు కొట్టుకుందంటే, ఒక కస్టమర్ కారులో కూర్చుని, "ఈ వాసన బండితో పాటే వస్తుందా అండి, వేరేగా కొనుక్కోవాలా?" అని అడిగాడు. శ్యాంబాబు ఆమెని పక్కకి పిలిచి సగం కొట్టుకుంటే చాలన్నాడు. తర్వాత పాఠం మొదలుపెట్టాడు.

"బండి గురించి చెప్పకమ్మా. అవన్నీ వాళ్ళు ఫోన్లో చూసుకునే వస్తారు. నువ్వు మనుషుల్ని చూడు. ముందు సీటు మగవాడికి ఎలాగూ నచ్చుతుంది. వెనక సీట్లో పెద్దావిడ మోకాలు ముందు సీటుకి తగలకుండా కూర్చుందా, ఇంక బండి ఇంటికి వెళ్ళిపోయినట్టే. భార్యని మేడం అనకు, అమ్మా అను. టీ వద్దంటే వదిలెయ్యకు, ఇంకోసారి అడుగు, మనవైపు వాళ్ళు మొదటిసారి ఎవరూ ఔననరు. అమ్మిన ప్రతి బండికీ వెనకద్దం కింది అంచున నీ పేరూ, ఫోన్ నంబరూ అంటించు. ఊళ్ళన్నీ తిరిగి నీ పేరు అదే చెప్తుంది."

రమ్యశ్రీ తలూపింది.

"ఒక్క మాట మాత్రం చచ్చినా అడక్కు."

"ఏంటండి?"

"మీకు డ్రైవింగ్ వచ్చాండి, అని. వచ్చినవాడికి అది అవమానం. రానివాడికి ఇంకా అవమానం. చిన్నప్పుడు తెలీక నేనో కొబ్బరికాయల వ్యాపారిని అడిగాను. చెప్పులేసుకుని ఎదురు షోరూంకి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆ బండి హారన్ కొట్టుకుంటూ మన ముందునుంచే వెళ్తుంది."

సాయంత్రం ఇంట్లో తల్లికి ఈ సలహాలన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పింది రమ్యశ్రీ. లోవమ్మ కాళ్ళు జాపుకుని కూర్చుని, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ వింది.

"ఆఖరిది నాకు నచ్చలేదే. నేనెప్పుడైనా మొప్ప ఎత్తి చూపించకుండా చేప అమ్మానా? అడక్కముందే చూపిస్తాను. లేపోతే మళ్ళీ ఆ వీధిలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?"

"కారుకి మొప్పలుండవమ్మా."

"కొనేవాడికుంటాయి కదా. వాడివెత్తి చూడు."

రమ్యశ్రీ నవ్వేసింది. ఎండాకాలం అయ్యేలోగా ఒక్క బండైనా అమ్మకపోతే ఇంటికి పంపించేస్తామని మేనేజర్ అప్పటికే చెప్పాడు. ఆ మాట తల్లికి చెప్పలేదు.

*

చిట్టియ్య మాస్టారు ఏప్రిల్లో వచ్చారు. కడియం అవతల కాలువ గట్టున ఒక ఊళ్ళో ఉంటారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. పక్కన భార్య సంపూర్ణమ్మ. గాజు తలుపు దగ్గర ఆవిడ ఆగి, చెయ్యి చాపి తడిమి చూసుకుని మరీ లోపలికి వచ్చింది. రమ్యశ్రీకి ఆ క్షణమే ఆవిడంటే ఇష్టం కలిగింది.

"ఈవిడ మోకాళ్ళు అరిగిపోయాయమ్మా," అన్నారు మాస్టారు. "స్కూటర్ వెనక ఎక్కలేదు. ఆటోలో ఆ కుదుపులకి తట్టుకోలేదు. చర్చికి వెళ్ళి చాలా రోజులైంది. ఆదివారం పూట ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని మైకులో పాటలు వింటుంది. అందుకని కారు."

"నాకెందుకండీ కారు, ఆయనకే సరదా," అంది సంపూర్ణమ్మ. అంటూనే ముందు సీట్లో కూర్చుని, అద్దం కిందికి దింపి, పైకి ఎత్తి, మళ్ళీ దింపింది.

టెస్ట్ డ్రైవ్‌కి మాస్టారు లైసెన్సు తీసి చూపించారు. ఇంకా ముడత పడని కొత్త కార్డు. రమ్యశ్రీ పక్కన కూర్చుంది, సంపూర్ణమ్మ వెనక. గేటు దగ్గరికి వెళ్ళేలోపే బండి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశారు. మళ్ళీ ఆగింది. సర్వీసు రోడ్డు ఎక్కాక ఎదురుగా రావులపాలెం నుంచి అరటిగెలల లారీ వస్తుంటే, మాస్టారు బ్రేకు తొక్కబోయి యాక్సిలేటర్ తొక్కారు. రమ్యశ్రీ రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు లాగింది. లారీవాడు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు. లెక్కల మాస్టారితో అనే మాట కాదది. వెనక సీట్లో సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది.

"దీని బ్రేకు గట్టిగా ఉందమ్మా," అన్నారు మాస్టారు చెమట తుడుచుకుంటూ. "వెంకన్న కారయితే వెన్నలా వింటుంది. ఒక్కసారి కూడా ఆగలేదు."

"కొత్త బండి కదండీ, పాపం దానికీ అలవాటవ్వాలి," అంది సంపూర్ణమ్మ కళ్ళు తెరిచి.

వెంకన్నకి ఆ దారిలోనే డ్రైవింగ్ స్కూలుంది. మర్నాడు రమ్యశ్రీ స్కూటీ ఆపి అడిగింది. మాస్టారి పేరు ఎత్తగానే అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మాస్టారే వచ్చినట్టు.

"మా గురువుగారండి! నాకు పదో క్లాసు దాకా లెక్కలు చెప్పారండి."

"ఆయనకి బండి నడపడం వచ్చాండి?"

వెంకన్న అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "మా బండికి నా వైపు కూడా క్లచ్చి, బ్రేకు ఉంటాయి కదండి. ఆయన స్టీరింగ్ పట్టుకుంటారు. తొక్కడమంతా నేనే. ఆయన కాళ్ళు ఊరికే అలా ఉంటాయండి. 'చూశావా వెంకన్నా, ఎంత మెత్తగా ఆపానో' అంటారు. ఆయ్, చాలా బాగా ఆపారండీ, అంటాను. ఏమనమంటారు? నా చెవి మెలేసిన మనిషిని పట్టుకుని, 'తప్పండీ మాస్టారూ, మీకు రాదండీ' అని ఎలా అంటానండి?"

"మరి లైసెన్సు?"

"టెస్టు రోజు కూడా మా బండేనండి," అన్నాడు వెంకన్న. గర్వంగానే అన్నాడు.

రమ్యశ్రీ షోరూంకి వచ్చి శ్యాంబాబుకి అంతా చెప్పింది. ఆయన టీ కప్పు కింద పెట్టలేదు.

"చూడమ్మా. ఆయన దగ్గర లైసెన్సుంది. మన చేతిలో బండుంది. నువ్వు చెప్పావనుకో, ఆయన ఇంకో షోరూంలో కొంటాడు. బండి అదే, ఆయన కాళ్ళూ అవే. మధ్యలో నీ ఉద్యోగం ఒక్కటే పోతుంది. అయినా రోడ్డు మీద ఉన్నవాళ్ళలో సగం మందికి రాదు. రోడ్డే నేర్పుతుంది."

తల్లి అన్న మొప్పల మాట రమ్యశ్రీకి గుర్తొచ్చింది. కానీ పొద్దున్నే మేనేజర్ మళ్ళీ అన్న ఎండాకాలం మాట కూడా గుర్తొచ్చింది. రెండోదే దగ్గరగా ఉంది.

*

కొత్త బండిని షోరూంలోంచి సొంతదారే బయటికి తియ్యాలని మనవైపు ఒక పట్టింపు. నడపడం వచ్చినా రాకపోయినా మొదట స్టీరింగ్ పట్టేది ఆయనే. పక్క సీట్లో శ్యాంబాబు హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యేసి, ఫోటోలో నవ్వుతూ కూర్చుంటాడు. గేటు దాటి కెమెరాకి కనపడనంత దూరం వెళ్ళాక, షోరూం డ్రైవర్ ఎక్కి, "పెట్రోలు కొట్టించి ఇస్తానండి" అని మర్యాదగా స్టీరింగ్ తీసుకుని ఇంటిదాకా దింపి వస్తాడు. ఆ విషయం గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

డెలివరీ రోజు మాస్టారు కొత్త చొక్కా వేసుకున్నారు. వాళ్ళ చర్చి పాస్టరుగారు వచ్చారు. తెల్ల కారుకి రిబ్బను కట్టి ఉంది. పాస్టరుగారు ప్రార్థనకి చేతులెత్తబోయి ఆగిపోయారు. నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలున్నాయి. అలవాటుకొద్దీ రమ్యశ్రీ పొద్దున్నే పెట్టేసింది. ఈ కుటుంబం లూథరన్ చర్చి వాళ్ళని ఆ తొందరలో తట్టలేదు. అందరూ ఆ నిమ్మకాయల వంక చూశారు. తర్వాత అందరూ రమ్యశ్రీ వంక చూశారు. ఆ పిల్లకి టైరు కింద నిమ్మకాయలతో పాటు తనూ దూరిపోవాలనిపించింది.

సంపూర్ణమ్మ కష్టం మీద వంగి ఒక్కొక్కటే తీసి కొంగులో వేసుకుంది. "ఇంత మంచి కాయలు టైరు కింద పెడతారా ఎవరైనా? ఊరగాయ పెట్టుకుంటాను. ఊరాక నీక్కూడా ఇస్తానులేమ్మా."

పాస్టరుగారే ముందు నవ్వారు. అందరూ నవ్వారు. ఈ బండి నడిపే చేతుల్ని కాపాడమని ఆయన ప్రార్థించారు. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. రమ్యశ్రీ మాత్రం మాస్టారి కాళ్ళ వంక చూస్తోంది. నిగనిగలాడే నల్లబూట్లు, పక్కపక్కనే బుద్ధిగా.

రాత్రంతా ఆమె ఒక వాక్యం తయారుచేసుకుంది. కొన్నాళ్ళు ఎవరినైనా డ్రైవర్‌ని పెట్టుకోండి మాస్టారూ, తర్వాత మీరే నడుపుదురుగాని. బండి కదిలేముందు కిటికీ దగ్గరికి వెళ్ళింది. స్టీరింగ్ ముందు కూర్చున్న మాస్టారి మొహం ఫస్టొచ్చిన పిల్లాడి మొహంలా ఉంది.

"ఏంటమ్మా?"

"ఏం లేదండి. అమ్మగారూ, మీరు కూడా సీటుబెల్టు పెట్టుకోండి."

వెనక సీట్లో ఆవిడకి ఎలా పెట్టుకోవాలో తెలీకపోతే, లోపలికి వంగి తనే పెట్టింది. చిటుక్కుమని పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకద్దం కింది అంచున రమ్యశ్రీ పేరూ నంబరూ ఎర్ర అక్షరాల్లో మెరుస్తూ గేటు దాటాయి. ఎండాకాలం ఇంకా అవలేదు. ఉద్యోగం నిలబడింది.

*

మే నెలలో కాలువలు కట్టేశారు. ఏటా ఆ నెలలో డెల్టా కాలువలు ఎండిపోయి, అడుగున గేదెలు మేస్తాయి, కుర్రాళ్ళు క్రికెట్ ఆడతారు. మాస్టారు గట్టు మీద బండి ప్రాక్టీసు మొదలుపెట్టారు. ఒకరోజు ఫోన్ చేశారు.

"అమ్మా, చిన్న విషయం. బండి కొంచెం కిందికి చూస్తోంది."

రమ్యశ్రీ వెళ్ళేసరికి తెల్ల కారు ముందు టైర్లతో గట్టు దిగి, ఎండిన కాలువలోకి మూతి పెట్టి ఉంది. మామిడికాయల ట్రాక్టరు మీద వచ్చిన కూలీలు పది చేతులేసి వెనక్కి లాగుతున్నారు. మాస్టారు పక్కన నిలబడి ఎటు లాగాలో లెక్క చెప్తున్నారు.

"కాలవలో నీళ్ళుంటే ఇలాగే కడిగేసుకునోళ్ళం కదండి మాస్టారూ, బండినీ!" అన్నాడొకడు.

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు. రమ్యశ్రీ కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఆమెకి చాలాసార్లు వినపడింది.

"బ్రేకు మళ్ళీ గట్టిపడిందమ్మా," అన్నారాయన.

"గట్టు మెత్తగా ఉందండి," అంది రమ్యశ్రీ.

ఇంటి అరుగు మీద సంపూర్ణమ్మ మజ్జిగ ఇచ్చింది. గోడ మీద ఎండలో, గుడ్డ కట్టిన చిన్న జాడీ ఉంది. "నీ నిమ్మకాయలే. ఇంకా ఊరాలి," అంది. మాస్టారు చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళారు. ఆవిడ చటుక్కున రమ్యశ్రీ చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పమ్మా. నువ్వు రోజూ ఎంతమందినో చూస్తావు. ఈయనకి నడపడం వచ్చినట్టేనా? నేనడిగితే చిన్నబుచ్చుకుంటారు. మా కిరణ్ కాకినాడలో ఉంటాడు, వాడికి ఇవేం తెలీదు. నువ్వెలా చెప్తే అలా. వద్దంటే ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను. అలవాటే కదా నాకు."

దొడ్లో బకెట్ చప్పుడు ఆగింది. మాస్టారు వస్తున్నారు. పాపం, ఆయన ప్యాంటుకి మోకాళ్ళ దగ్గర కాలువ మట్టి. అది దులుపుకోవడం కూడా ఎవరూ చూడకూడదన్నట్టు గోడవైపు తిరిగి దులుపుకుంటున్నారు.

"వచ్చేస్తుందండి అమ్మగారూ," అంది రమ్యశ్రీ. "కొత్త కదండి."

"హమ్మయ్య. నువ్వన్నావు కాబట్టి ధైర్యంగా ఉంది," అంది సంపూర్ణమ్మ.

*

జూన్లో కాలువలకి నీళ్ళు వదిలారు. మొదట ఎర్రనీళ్ళు వచ్చాయి, వారం తిరిగేసరికి గట్లు ఒరుసుకుంటూ పారుతున్నాయి. ఒక ఆదివారం పొద్దున రమ్యశ్రీ ఫోన్ మోగింది. తెలియని నంబరు. తెలియని నంబరంటే కొత్త కస్టమరే అయ్యుంటాడని శ్యాంబాబు చెప్పాడు, నవ్వుతూ మాట్లాడమన్నాడు.

"అమ్మా, కార్లమ్మే రమ్యశ్రీ గారాండి?"

"అవునండి! చెప్పండి సార్, ఏ బండి చూస్తున్నారు?"

"తెల్ల బండండి. కాలవలో ఉందండి."

ఆమె నోటి మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎలా తియ్యాలో తెలియలేదు.

"వెనకద్దం మీద మీ పేరు సగమే పైకి కనపడతందండి, నంబరు నీళ్ళల్లో ఉంటే మునిగి చదివామండి. ఎవరి తాలూకో తెలీలేదు, మేం ఈ ఊరోళ్ళం కాదండి. చర్చి దగ్గర మలుపండి. ముసలాయన్ని లాగామండి. ముందు సీట్లో అమ్మగారి బెల్టు ఊడి రావట్లేదండి. అదెక్కడ నొక్కాలో చెప్పండమ్మా, తొందరగా, మా వాళ్ళు మునిగి చూస్తున్నారు!"

"ఎడమచేతి వైపండి, తుంటి పక్కన, ఎర్ర మీట..." అంది. అని, నడిపేవాళ్ళ పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి అది కుడిచేతి వైపు వస్తుందని గుర్తొచ్చి, "కుడి వైపండి! కుడి వైపు!" అని అరిచింది. అప్పటికి అవతల ఎవరూ ఫోన్ దగ్గర లేరు. నీళ్ళ చప్పుడు, కేకలు, చాలాసేపు. వాటి వెనక నుంచి సన్నగా చర్చి మైకు.

సంపూర్ణమ్మ ఆ ఆదివారం చర్చికి చేరలేదు. మర్నాడు చేరింది, పెట్టెలో. ఊరి చివర సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు, అందరికంటే వెనక రమ్యశ్రీ నిలబడింది. ఇంకొక పక్క చెట్టుచాటున వెంకన్న. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తల దించుకున్నారు.

*

నెల తిరిగేసరికి మాస్టారు షోరూంకి ఫోన్ చేశారు. బండి బ్రేకులో లోపం ఉందని, అది కంపెనీ ఒప్పుకోవాలని ఆయన మాట. మెకానిక్కులు బండిని విప్పి చూశారు. బ్రేకు శుభ్రంగా ఉంది.

"వెళ్ళి నెమ్మదిగా సర్దిచెప్పి రా," అన్నాడు శ్యాంబాబు. ఆయన గొంతు కూడా మునుపటిలా లేదు. "చెప్పాల్సింది మాత్రం చెప్పకమ్మా. ముసలాయన. బండినే తిట్టుకోనీ. ఇప్పుడాయనకి మిగిలింది ఆ బ్రేకొక్కటే."

రమ్యశ్రీ ఆ రాత్రి అన్నం కలిపి వదిలేసింది. లోవమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, కూతురి వీపు మీద చెయ్యేసి కూర్చుంది.

పొద్దున్నే రమ్యశ్రీ వెంకన్న దగ్గరికి వెళ్ళి, "నాతో రండి," అంది. అతను చెప్పులేసుకుని బయల్దేరాడు.

మాస్టారు అరుగు మీద కుర్చీలో ఉన్నారు. చొక్కాకి ఇస్త్రీ లేదు. జేబులో పెన్నులు మాత్రం రెండూ ఉన్నాయి. కొడుకు కిరణ్ కుమార్ గుమ్మంలో నిలబడ్డాడు. గోడ మీద జాడీ అలాగే ఉంది. గుడ్డ జారిపోయింది, లోపల తెల్లగా బూజు.

"రాసి తెచ్చావా అమ్మా?" అన్నారు మాస్టారు. "లోపం ఉందని రాసిస్తే చాలు. డబ్బు కోసం కాదు. బాగుచేసి ఇచ్చెయ్యండి. ఆదివారం ఆదివారం సమాధుల తోటకి నేనే నడుపుకుంటూ వెళ్తాను. ఆవిడకి అదే కదా ఇష్టం, కారులో వెళ్ళడం."

సంపూర్ణమ్మ తన చెయ్యి పట్టుకున్న చోటు అదే అరుగని రమ్యశ్రీకి తెలుస్తూనే ఉంది.

"మాస్టారూ, బ్రేకు బాగానే ఉందండి," అంది. "మీకు డ్రైవింగ్ రాదండి."

కిరణ్ కుమార్ ఒక్కంగలో ముందుకొచ్చాడు. "ఏమ్మా, చావు జరిగిన ఇల్లిది! అమ్ముకున్నప్పుడు లేదా ఆ మాట?"

"లేదండి," అంది రమ్యశ్రీ. "అమ్ముకున్నప్పుడు అనలేదండి. అమ్మగారు నన్ను అడిగారు, ఇక్కడే అడిగారు. అప్పుడూ అనలేదండి."

మాస్టారు చెయ్యెత్తి కొడుకుని ఆపారు. క్లాసులో గోల చేసే పిల్లల్ని ఆపినట్టు. "వెంకన్న కారులో నేను ఎంత బాగా..." అని, అరుగు కింద నిలబడ్డ వెంకన్నని అప్పుడు చూశారు. "నువ్వు చెప్పరా. ఎప్పుడైనా ఆగిందా బండి?"

వెంకన్న చెప్పులు విడిచాడు. చేతులు కట్టుకున్నాడు. "నేనే తొక్కేవాణ్ణండి మాస్టారూ. నా వైపు కూడా ఉంటాయండి. బ్రేకూ నేనే, క్లచ్చీ నేనే."

మాస్టారి చేతులు స్టీరింగ్ పట్టుకున్నట్టు ఒడిలోంచి కొంచెం లేచాయి. కాళ్ళ వంక చూసుకున్నారు. కుడికాలు ముందుకు జాపి, నేల మీద ఒకసారి అదిమారు. తీశారు. మళ్ళీ అదిమారు.

"నీకు లెక్కలు రాకపోతే రావని చెప్పానా లేదా?"

"చెప్పారండి."

"అందరిముందూ నిలబెట్టి చెప్పానా లేదా?"

"చెప్పారండి."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

వెంకన్న ఏడ్చేశాడు. మాస్టారు ఏడవలేదు. రమ్యశ్రీ వంక కూడా చూడలేదు. "వెళ్ళండి," అన్నారు. వాళ్ళు గేటు దాకా వెళ్ళాక వెనక్కి తిరిగి చూస్తే, ఆయన కాలు ఇంకా నేలని అదుముతూ, తీస్తూ ఉంది.

ఆ తర్వాత ఆయన బ్రేకు గురించి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. బండి తుక్కుకింద పోయింది. ఒకసారి కడియం రోడ్డులో ఆటోలో ఒక పక్కకి ఒదిగి, ఒడిలో పూలపొట్లంతో వెళ్తూ రమ్యశ్రీకి కనిపించారు. ఆమె స్కూటీ ఆపి నమస్కారం పెట్టింది. ఆయన చూశారు. ఆటో వెళ్ళిపోయింది. చూశారన్నది నిజం, గుర్తుపట్టారో లేదో తెలీదు.

*

రమ్యశ్రీ ఇంకా ఆ షోరూంలోనే ఉంది. ఎక్కువ బండ్లు అమ్మదు. మేనేజర్ ఆమెని తీసెయ్యాలని రెండుమూడుసార్లు అనుకున్నాడు. "ఉండనీండి సార్," అని శ్యాంబాబే ఎందుకో అడ్డుపడ్డాడు. ఆయన ఈమధ్య కొత్తవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి టీ తాగడానికి లేచి వెళ్తున్నాడు.

మొన్న ఒకాయన వచ్చాడు. మెడలో గొలుసు, చేతిలో రెండు ఫోన్లు, వెంట భార్య, అత్తగారు. అత్తగారు వెనక సీట్లో కూర్చుంది. మోకాలు తగల్లేదు. టీ వద్దన్నారు, రెండోసారికి తాగారు. అంతా సవ్యంగా జరుగుతుండగా రమ్యశ్రీ ఆయన ఎదురుగా నిలబడి, "సార్, మీకు డ్రైవింగ్ వచ్చాండి?" అంది.

"ఏంటమ్మా?"

"నాతో పాటు రోడ్డు మీదికి వచ్చి చూపించండి సార్. రాకపోతే నేర్చుకుని రండి, బండి ఎక్కడికీ పోదు."

ఆయన మొహం ఎర్రబడింది. అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, దాంతో ఇంకా ఎర్రబడింది. అందరూ లేచి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆయన గాజు తలుపుని గుద్దుకున్నాడు. రమ్యశ్రీకి నవ్వు రాలేదు.

చూపించినవాళ్ళకి మాత్రం అమ్ముతుంది. డెలివరీ రోజు రిబ్బను కడుతుంది. ఎవరి చర్చో ఎవరి గుడో ముందే కనుక్కుని, కావలసినవాళ్ళకే నిమ్మకాయలు పెడుతుంది. సీటుబెల్టు ఎలా పెట్టుకోవాలో చూపించడం మానలేదు. ఇప్పుడు ఎలా తియ్యాలో కూడా చూపిస్తుంది. ముసలివాళ్ళ చేత కళ్ళు మూయించి, మీట ఎటువైపుందో తడిమించి, తీయించి, మళ్ళీ పెట్టించి తీయిస్తుంది. ఆఖర్న వెనకద్దం మీద తన నంబరు అంటిస్తుంది. శ్యాంబాబు చెప్పినట్టు కింది అంచున కాదు. స్టూలు వేసుకుని ఎక్కి, అద్దానికి పై అంచున, ఇంక అంతకంటే పైకి వీలుకాని చోట.